నిమిషం బాబాయి ఇప్పుడే బయటికెళ్లాడు

ఆ వీధిలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే అనుమానమే. సెలూన్ గుమ్మంలో ఎవరి తలకాయ కనిపించినా సరే, చేతిలో కత్తెర ఆపకుండా "ఒక్క నిమిషం బాబూ, కూర్చో" అనేవాడు. ఆ నిమిషం కాస్తా ముప్పావుగంట సాగేదనుకోండి, అది వేరే సంగతి. లోపల చదవడానికి పేపరుంది, నెత్తిన ఫ్యానుంది, ఊళ్లోవాళ్ల సంసారాల మీద తీర్పులు చెప్పే పెద్దమనుషులు బల్ల నిండా ఉన్నారు. ఇంక లేచి వెళ్లే ఖర్మ ఎవరికి? అలా అలా ఆయన అందరికీ నిమిషం బాబాయి అయిపోయాడు. కోపమొచ్చినప్పుడు భార్య కూడా "ఏవండీ నిమిషంగారూ" అనే పిలిచేది.

సెలూన్ అంటే ఏదో ఊహించుకునేరు. ఒకే ఒక్క కుర్చీ, ఎదురుగా అంచు పెచ్చులూడిన అద్దం, పక్కన బల్ల, అంతే. ఆ కుర్చీ విషయంలో మాత్రం బాబాయికి గట్టి పట్టింపు ఒకటుంది. పని నేర్పిన గురువు దగ్గర అంటుకున్న పట్టింపు అది. తలుపు తీశాక, కత్తిరించే మనిషి లేడన్న మాట కొత్తవాడి చెవిన పడకూడదు. టీ తాగడానికి వెళ్లినా, జ్వరమొచ్చి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నా, బల్ల మీదున్నవాళ్లు చెప్పాల్సింది ఒకటే. "ఇప్పుడే బయటికెళ్లాడు, వచ్చేస్తాడు." పాతకాపులందరికీ ఆ ముక్క కంఠతా వచ్చు. ఒకసారి బాబాయి బంధువుల పెళ్లికి పొరుగూరు వెళ్తే, రిటైరైన పోస్టుమాస్టరు ఒక కొత్తాయన్ని ఇదే మాట చెప్పి సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. పాపం ఆయన పేపరంతా, టెండరు ప్రకటనలతో సహా చదివేసి, పెరిగిన జుట్టుతోనే ఇంటికి పోయాడు.

వింటే నవ్వొస్తుంది కదా? ఆ అలవాటే ఒకరోజు బాబాయి కొంప ముంచబోయింది.

ఆ పొద్దున ఆయన ఉతికిన తువ్వాళ్ల సంచీ భుజాన వేసుకుని దుకాణానికి నడిచి వస్తున్నాడు. పెద్ద రోడ్డు దగ్గర, మనుషులు దాటడానికి గీసిన తెల్లగీతల ముందు ఆగాడు. నడవొచ్చని దీపం వెలిగాక, అటూ ఇటూ చూసుకుని మరీ కాలు కింద పెట్టాడు. పరుపులు మోసే వ్యాను ఒకటి మలుపు తిరుగుతూ ఆయన్ని గుద్ది పడేసింది. డ్రైవరు ఫోనులో అడ్రసు వెతుక్కుంటున్నాడట! పడి మూలుగుతున్న మనిషి చుట్టూ మూగినవాళ్లలో ఒక మహానుభావుడు "చూసుకుని నడవొద్దూ?" అన్నాడు. రోడ్డు మీద నడిచేవాడంటే ఎవరికైనా లోకువే. నడిచేవాడు నాలుగు దిక్కులూ చూసుకోవాలి, నడిపేవాడు తన ఫోను చూసుకోవాలి. ఎక్కడి న్యాయమండీ ఇది?

ట్రాఫిక్ పోలీసు మాత్రం న్యాయంగానే రాశాడు. మనిషి గీతల మీదే పడి ఉన్నాడనీ, తప్పు వ్యానుదేననీ రాశాడు కాబట్టి ఆ రగడ అక్కడితో తేలిపోయింది. తేలనిది చెయ్యి సంగతి. కుడి మణికట్టు నుజ్జునుజ్జయింది. లోపల ప్లేటు వేశారు, ఎముకలు అతికాయి. నరం మాత్రం మాట వినలేదు. బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయంటే ఉన్నాయి, వాటికి పట్టు లేదు.

"మీ పనులు మీరు చేసుకోగలరు. సన్నపని మాత్రం కష్టం. ఆశ పెట్టుకోకండి" అన్నాడు డాక్టరు.

బాబాయి బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి, "కొన్నాళ్లకి అదే సర్దుకుంటుందన్నాడే డాక్టరు" అని భార్యతో చెప్పాడు.

ఎందుకలా చెప్పాడంటే భయం. సందు మొదట్లో అద్దాల తలుపులతో కొత్త సెలూన్ వెలిసింది. అందులో చల్లటి గాలి, మెత్తటి సోఫాలు. నిమిషం బాబాయి చెయ్యి పోయిందట అన్న మాట పొక్కితే వీధి వీధంతా అటు తిరిగిపోతుంది. అదొక్కటే అయితే ఎవరో ఒకరికి చెప్పుకునేవాడే. కత్తెర పట్టడం తప్ప ఇంకో పని ఎరగని మనిషి, చెయ్యి పోయిందని తన నోటితో తనే ఎలా అంటాడు? అనలేకపోయాడు.

మరి కుర్చీ ఖాళీగా ఉండకూడదే! బావమరిది ముందుకొచ్చాడు. వాడు పార్కులో తోటమాలి. పొద్దున్నే మొక్కలకి నీళ్లు పెట్టేసి, కంచెమొక్కలు కత్తిరించేసి, నేరుగా దుకాణానికి వచ్చేవాడు. మనసు వెన్నపూస. చెయ్యే కంచెమొక్కల దగ్గర ఆగిపోయింది. పైన చదును, పక్కలు నిటారు. పెళ్లి కావలసినవాడు కూర్చున్నా, మనవలున్నవాడు కూర్చున్నా కుర్చీలోంచి పార్కు కంచెలాగే లేచేవాడు. పోస్టుమాస్టరు మండుటెండల్లో మంకీ క్యాపు పెట్టుకుని తిరిగాడు. బేకరీ ఆయన నెత్తికి తువ్వాలు చుట్టాడు. ఒక్కడూ కిమ్మనలేదు.

బాబాయి అప్పుడప్పుడూ కుడిచెయ్యి జేబులో పెట్టుకుని వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. "ఎలా ఉందండీ మావాడి పని?" అని అడిగితే, "భేషుగ్గా ఉందోయ్. నీకు చెయ్యి నయమయ్యేదాకా మాకేం లోటు లేదు" అనేవాడు పోస్టుమాస్టరు, క్యాపు చెవుల మీదికి లాక్కుంటూ. బాబాయికి కళ్లు లేకనా? ఉన్నాయి. ఆ తలకాయలు చూసి కూడా చూడనట్టే పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

దుకాణం మేడమీద ఒక వకీలమ్మ ఆఫీసుంది. కుర్చీ చేతుల మీద చెక్క అడ్డం వేసి, దానిమీద కూర్చోబెట్టి బాబాయి జుట్టు కత్తిరించిన చంటిపిల్లే ఇప్పుడు నల్లకోటు వేసుకుంది. బాబాయి చేత డాక్టరు కాగితం తెప్పించుకుని, ఆమే పట్టుబట్టి గుట్టుగా కేసు వేసింది. వైద్యానికైన ఖర్చుతో పాటు, పోయిన జీవనాధారానికి కూడా వ్యాను బీమా కంపెనీ పరిహారం కట్టాలని అడిగింది. అన్నీ సవ్యంగానే నడుస్తున్నాయనుకుంటుండగా, ఒక మధ్యాహ్నం బాబాయిని మేడమీదికి పిలిచింది. ముఖం కందగడ్డలా ఉంది.

"బాబాయ్‌గారూ, కంపెనీవాళ్లు ఏం దాఖలు చేశారో వినండి. వాళ్ల మనిషి మన దుకాణానికి మామూలు మనిషిలా వచ్చాడట. దుకాణం ఎప్పటిలాగే నడుస్తోందట. ఈయనేడీ అని అడిగితే, ఇప్పుడే బయటికెళ్లాడు, వచ్చేస్తాడు అన్నారట. చెయ్యి ఎలా ఉందని అడిగితే, మునుపటికంటే బాగా ఆడుతోంది అన్నారట!"

బాబాయికి తల తీసేసినట్టయింది.

"డాక్టరు రాసిచ్చాడు కదమ్మా?"

"కష్టం అని రాశాడు. కష్టమంటే అసాధ్యం కాదు కదా అని వాళ్ల వాదన. ఆసుపత్రి ఖర్చులు ఇస్తాం, సంతకం పెట్టి వదిలెయ్యండి, బతుకుతెరువు పోయిందన్న మాట ఎత్తొద్దంటున్నారు. ఇంతకీ ఆ మాటలు ఎవరన్నారు?"

బాబాయి కిందికి దిగొచ్చి బల్లకేసి చూశాడు. బల్ల మొత్తం నేలచూపులు చూసింది.

"కొత్తమొహం కదోయ్... అలవాటు కొద్దీ అనేశా" అన్నాడు పోస్టుమాస్టరు.

"మునుపటికంటే బాగా ఆడుతోందన్నది?"

"అది నేనే బావా" అన్నాడు బావమరిది, దువ్వెన వంక చూస్తూ. "నీ పరువు పోకూడదని నా వంతు కాస్త కలిపా."

ఎవర్ని తిట్టాలి చెప్పండి? అబద్ధం నేర్పింది తను. చెప్పినవాళ్లు తన మీది ప్రేమతో చెప్పారు. బాబాయి ఎవరినీ ఏమీ అనకుండా ఇంటికెళ్లిపోయాడు.

భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి అప్పుడే వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుంది. బాబాయి ఎదురుగా కుర్చీ లాక్కుని, జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇంక రాదే. డాక్టరు మొదట్లోనే చెప్పాడు. నీ దగ్గర దాచాను."

ఆవిడ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "ఇన్నాళ్లకి చెప్పారా? రోజూ పొద్దున్నే నాకు వీపు తిప్పి ఎడంచేత్తో బొత్తాలు పెట్టుకుంటారు. ఆ మాత్రం తెలీదా నాకు? అడిగితే బాధపడతారని ఊరుకున్నా."

"అందరూ అందుకే ఊరుకున్నారు" అని, కంపెనీవాళ్ల కబురూ సంతకం సంగతీ కూడా చెప్పాడు.

"మీరు బాధపడతారని నేను నోరు మూసుకున్నా. మా తమ్ముడు నొచ్చుకుంటాడని వీధంతా నోరు మూసుకుంది. మనందరం కలిసి ఆ పరుపుల వ్యాను వాణ్ణి మాత్రం సుఖంగా పడుకోబెట్టాం." అది కోపమో ఏడుపో చెప్పడం కష్టం. "సంతకం పెట్టేస్తారా?"

బాబాయి లెక్కలు వేసుకున్నాడు. సంతకం పెడితే దుకాణం గుట్టు దుకాణంలోనే ఉంటుంది. పెట్టకపోతే, చెయ్యి పోయిందని పదిమందిలో నిరూపించుకోవాలి. ఆ తర్వాత అద్దాల సెలూన్‌కి దారి తనే చూపించినట్టవుతుంది. కేసు గెలవకుండా దుకాణం కూడా పోయిందంటే ముసలితనంలో ఇద్దరూ ఆవిడ ఇస్త్రీపెట్టె మీద బతకాలి.

"పెట్టను" అన్నాడు చివరికి. "నాది కాని తప్పుకి నా చెయ్యి పోయింది. పోలేదని నేనే సంతకం పెట్టాలా? తాడో పేడో తేలాల్సిందే."

మర్నాడు దుకాణం నిండా జనం ఉన్న వేళ చూసుకుని వెళ్లాడు. వెళ్లి, బల్ల మీద కాకుండా కుర్చీలోనే కూర్చుని వాళ్ల వైపు తిరిగాడు. కుడిచేతిని అందరికీ కనిపించేలా ఒళ్లో పెట్టుకున్నాడు.

"వినండి. ఈ చేత్తో ఇంక నేను కత్తెర పట్టలేను. కొన్నాళ్లకి కూడా కాదు, ఎప్పటికీ పట్టలేను. ఈ మాట కోర్టులో నేనొక్కణ్ణే చెప్తే నమ్మరు. మీ జుట్టు ఎవరు కత్తిరించారో, ఎలా కత్తిరించారో మీరొచ్చి చెప్పాలి. ఈ దుకాణానికి ఇంక రాబుద్ధి కాకపోతే మానెయ్యండి. నేనేమీ అనుకోను. సాక్ష్యం మాత్రం చెప్పండి."

బల్ల మీదున్నవాళ్లు ఒకరి తలలొకరు చూసుకున్నారు.

"పోస్టుమాస్టరు గారూ, ఆ క్యాపు తియ్యండి."

"వద్దులేవోయ్, జలుబు..."

"తియ్యండి."

ఆయన తీశాడు. చెవుల పైన ఒకవైపు బోడి, రెండోవైపు గుబురు, నడినెత్తిన చదును. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. బేకరీ ఆయన తువ్వాలు తీసేశాడు, అక్కడ కూడా అదే పంట. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటుండగా, కుర్చీ వెనక నిలబడ్డ బావమరిది మొహం చూసి అందరూ ఒక్కసారి ఆగిపోయారు.

"అంత ఘోరంగా ఉందాండీ?" అన్నాడు వాడు.

బాబాయే లేచి వాడి భుజం మీద చెయ్యి వేశాడు, ఆ పట్టులేని చెయ్యే. "ఘోరంగానే ఉందిరా. అయినా నువ్వు నిలబడకపోతే ఈ తలుపు ఎప్పుడో మూతపడేది."

వాడు కాసేపు కత్తెర తెరిచి, మూసి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. "పార్కులో మొక్కలు ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు మరి" అన్నాడు. మళ్లీ, "నేనే వస్తా బావా. నాకు పని రాదని జడ్జిగారి ముందు నా నోటితోనే చెప్తా" అన్నాడు. అలా అనడానికి వాడికెంత కష్టమైందో బాబాయికి తెలుసు.

కబురు పాకింది. అనుకున్నట్టే కొందరు అద్దాల సెలూన్‌కి మారిపోయారు. బేకరీ ఆయన సాక్ష్యానికి వస్తానన్నాడు గానీ, ఇంట్లో పెళ్లి ఉందని జుట్టు మాత్రం అక్కడే కత్తిరించుకున్నాడు. బాబాయి ఏమీ అనుకోనన్నాడు కదా, రాత్రంతా అనుకుంటూనే ఉన్నాడు. పొద్దున్నే లేచి మళ్లీ వకీలమ్మ మెట్లెక్కాడు.

కోర్టు గదిలో మొదట కంపెనీ పంపిన మనిషినే నిలబెట్టారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. తను విన్నది విన్నట్టు చెప్పాడు. వకీలమ్మ లేచింది.

"ఆ రోజు మీరక్కడ జుట్టు కత్తిరించుకున్నారా?"

"ఆఁ, అనుమానం రాకూడదని కత్తిరించుకున్నాను."

"కత్తెర పట్టుకున్నదెవరు?"

అతను చుట్టూ చూసి, బావమరిది వైపు వేలు చూపించాడు. "ఆయన."

"మళ్లీ ఎప్పుడైనా అక్కడికి వెళ్లారా?"

"లేదండి."

"ఎందుకని?"

అతని చెయ్యి దానంతట అదే మెడ వెనక్కి పోయి, అక్కడ తడుముకుంది. జడ్జిగారు కళ్లజోడు సర్దుకునే నెపంతో మొహం దాచుకున్నారు. గదిలో మిగతావాళ్లకి దాచుకునే వీలు కూడా లేకపోయింది.

కంపెనీ వకీలు తక్కువవాడేం కాదు. బాబాయి బోనెక్కగానే సూటిగా పట్టుకున్నాడు.

"మీ దుకాణంలో వాళ్లు మా మనిషికి అబద్ధం చెప్పారంటారు?"

"చెప్పారండి. నేను నేర్పిన అబద్ధమే."

"ఆ రోజు అబద్ధం చెప్పినవాళ్లే ఇప్పుడు మీకోసం సాక్ష్యానికొచ్చారు. అది అబద్ధం, ఇది నిజమని కోర్టువారు ఎలా నమ్మాలి?"

వకీలమ్మ ముఖంలో రంగు మారింది. బల్ల బృందమంతా గోడవారగా బిక్కమొహాలు వేసుకుని కూర్చుంది. బాబాయి రెయిలింగు మీదున్న తన చేతిని చూసుకున్నాడు. ఎన్నాళ్లుగానో జేబులో దాచిన చెయ్యి. ఇప్పుడు దాన్ని తీసుకెళ్లి దాచడానికి చోటు లేదు. దాచాలనీ అనిపించలేదు.

"నమ్మాలో లేదో మీ ఇష్టమండి. వాళ్లు చెప్పిందాంట్లో ఒక ముక్క మాత్రం నిజమే. బయటికెళ్లాడన్నారు కదా, నిజంగానే వెళ్లాడు. ఆ పొద్దున దీపం చూసుకుని, గీతల మీద రోడ్డు దాటడానికి వెళ్లాడు. కత్తెర పట్టే ఆ మనిషి ఇంతవరకూ తిరిగి రాలేదండి. వచ్చేస్తాడు, వచ్చేస్తాడు అని వాళ్లు కొత్తవాళ్లకి చెప్పారు, నేను నాకు చెప్పుకున్నాను." ఆయన తల ఎత్తాడు. "ఇంక రాడండి. రాకుండా చేసినవాళ్లు ఆ మాట ఒప్పుకోవాలి. నేనొచ్చింది అందుకే."

కంపెనీ వకీలు ఇంకేదో అడగబోయి, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. గోడవార పోస్టుమాస్టరు మంకీ క్యాపుతో ముక్కు తుడుచుకున్నాడు.

తీర్పు రావడానికి వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి, వకీలమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. వచ్చింది మాత్రం నెత్తిన పాలు పోసినట్టే వచ్చింది. నడిచేవాడి తప్పు రవ్వంత కూడా లేదన్నారు. కత్తెర పట్టే చేతికి బొటనవేలు ఆడకపోతే అది వృత్తి పోవడమేనన్నారు. వైద్యానికీ, పోయిన సంపాదనకీ, పోబోయే సంపాదనకీ కలిపి పరిహారం కట్టమన్నారు. కంపెనీ సణిగి సణిగి కట్టింది. బాబాయి ఆ కాగితం చేత్తో పట్టుకుని, "చెయ్యి పోయిందని రాసిచ్చారే" అని భార్యకి చూపించాడు. అలాంటి మాటకి కూడా మనిషి సంతోషపడే రోజొకటి వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఇద్దరూ కాసేపు ఏడ్చి, తర్వాత భోజనం చేశారు.

పని క్షుణ్ణంగా వచ్చిన మనిషినొకణ్ణి బాబాయి జీతానికి పెట్టుకున్నాడు. బావమరిది హాయిగా కంచెమొక్కల దగ్గరికి పోయాడు. పోస్టుమాస్టరు నెత్తికి గాలి తగిలింది. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు.

ఒక సాయంత్రం కొత్త మనిషొకాయన గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది. కత్తిరించే అతను టీకి వెళ్లాడు. బల్ల మీంచి పోస్టుమాస్టరు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "ఇప్పుడే బయటికె..."

బాబాయి కుడిచెయ్యి పైకెత్తి ఆపాడు. వేళ్లు వంకరగా, అందరికీ కనిపించేలా గాల్లో నిలబడ్డాయి.

"ఈ దుకాణం నాదండి. వ్యాను గుద్దితే నా చెయ్యి పోయింది, నేను కత్తిరించలేను. కత్తిరించే అతను టీకి వెళ్లాడు. ఆగలేనంటే సందు మొదట్లో ఇంకో సెలూన్ ఉంది."

వచ్చినాయన ఆ చేతిని చూశాడు, ఖాళీ కుర్చీని చూశాడు, సందు మొదలుకేసి ఒకసారి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, బల్ల చివర చోటు చేసుకుని, పేపరు అందుకున్నాడు.

"ఎంతసేపు పడుతుందండీ?"

బల్ల మీదున్నవాళ్లందరూ బాబాయి వైపు తిరిగారు.

"ఒక్క నిమిషం బాబూ, కూర్చో" అన్నాడు బాబాయి.